తక్కెడ ఎవరి చేతిలో వున్నది?
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఇది పరాభవ నామ సంవత్సర ఉగాది.

సంవత్సరం పేరు వినగానే కొందరు మొగం ముడుచుకోవటం చూశాము. పండుగపూట పరాభవం మాటేమిటని వారి సందేహం. అరవై పేర్లలో అదొకటి. అరవై ఏళ్ళకొకసారి రాక తప్పదు. 1966లోనూ ఇదే పేరుతో ఉగాది వచ్చింది. అప్పుడూ ఓళిగలు తిన్నాము, గనిలో షిఫ్టు నడిచింది, ఊరేమీ మునిగిపోలేదు. పరాభవం ఎవరికి జరగాలో మనమే నిర్ణయించుకుందాము. ఆ సంగతి చివర మనవి చేస్తాము.

టెలివిజనులో వచ్చే న్యాయవాది కథలను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. మేము వకాల్తీ చేసి ముసలివాళ్ళమైనాము. సాయంకాలం టెలివిజను ముందు కూర్చునే వాళ్ళలో మేమూ వున్నాము. కాబట్టి ఈ విషయంలో మాకు రెండు విధాలా అర్హత వున్నదని వారనుకున్నట్లున్నారు. పంచాంగ శ్రవణం అయిపోయింది, వంటశాలనుంచి వాసన వస్తున్నది. మిమ్మల్ని ఎక్కువసేపు ఆపము.

కోర్టు కథ అంటే మనవాళ్ళకు మొదటినుంచీ ఇష్టమే. 1981లో వచ్చిన ‘న్యాయం కావాలి’ సినిమా మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. డి. కామేశ్వరిగారి ‘కొత్త మలుపు’ నవల దానికి ఆధారం, ఎ. కోదండరామిరెడ్డిగారు దర్శకులు. ప్రేమించానని నమ్మించినవాడు మోసం చేస్తే, ఒక యువతి తలవంచుకొని ఇంట్లో కూర్చోక కోర్టుకెక్కుతుంది. ఆ యువతి రాధిక, మోసగాడు చిరంజీవి, ఆమె పక్షాన వాదించే లాయరు శారద. ఆ లాయరు జీవితంలోనూ అటువంటి గాయమే వున్నదని తరువాత తెలుస్తుంది. 1984లో అదే కథ తమిళంలో ‘విధి’గా వచ్చినప్పుడు, దాని కోర్టు సంభాషణల క్యాసెట్లు తమిళం వినిపించే చోటల్లా మోగినవి. మన ఊళ్ళో తమిళం వినిపించని వీధి ఏది? ఇక కన్నడంలో టి.ఎన్. సీతారాంగారి ‘ముక్త’ మొదలైన ధారావాహికలు చూడటానికి మన ఇళ్ళల్లో వంట ముందే ముగించుకున్న రోజులున్నవి. తెలుగు ఇంట్లో, తమిళం వీధిలో, కన్నడం కచేరీలో మాట్లాడే మనకు కోర్టు కథ మూడు భాషల్లోనూ అందింది.

అయితే వాటిలో మాకు ఎక్కువ ఆలోచన కలిగించినది పరదేశపు కథ. 1999నుంచి 2005 వరకు అమెరికాలో ‘జడ్జింగ్ ఎమీ’ అనే ధారావాహిక నడిచింది. ఎమీ గ్రే అనే ఆమె న్యూయార్కు నగరంలో పెద్ద కంపెనీలకు లాయరు. భర్తతో విడిపోయి, చిన్న కూతురిని వెంటబెట్టుకొని తన సొంత ఊరైన హార్ట్‌ఫర్డుకు తిరిగి వస్తుంది. అక్కడ కుటుంబ న్యాయస్థానంలో జడ్జీ అవుతుంది. పగలంతా ఇతరుల పిల్లలు ఎవరి దగ్గర పెరగాలో తీర్పు చెప్పాలి. సాయంకాలం తన పిల్లకు అన్నం పెట్టాలి, పాఠం చెప్పాలి. మళ్ళీ మనసుకు ఎవరైనా నచ్చితే ఆ సంగతీ తేల్చుకోవాలి. ఉద్యోగం, ప్రేమ, మాతృత్వం ఈ మూడింటినీ ఆమె ఎట్లా నెట్టుకొస్తుందన్నదే కథ. ఎమీ పాత్ర ధరించిన ఎమీ బ్రెన్నెమన్‌గారి తల్లి ఫ్రెడెరికా బ్రెన్నెమన్ నిజంగానే కనెక్టికట్ రాష్ట్రంలో బాలల న్యాయస్థానపు జడ్జీగా పనిచేశారు. ఆమె జీవితంనుంచే ఈ కథ పుట్టింది.

ఆ కథలో మేము గమనించినది ఒక్కటే. కూతురిని తీసుకొని ఎమీ ఎక్కడికి వచ్చింది? తన తల్లి ఇంటికి. అమ్మమ్మ ఇంట్లో వున్నది కాబట్టి జడ్జీగారు వేళకు కోర్టుకు వెళ్ళగలిగింది. ఎవరి బతుకు వారిదనే దేశమని మనం అమెరికాను గురించి చెప్పుకుంటాము. ఆ దేశపు కథకుడికి కూడా, జడ్జీగారి పిల్లను ఎవరు చూస్తారన్న ప్రశ్న వచ్చేసరికి అమ్మమ్మ కావలసివచ్చింది!

తక్కిన కథల్లో ఆ ప్రశ్నకు అంతగా చోటు వుండదు. అమెరికాలో 2009లో మొదలైన ‘ది గుడ్ వైఫ్’ కథానాయిక పదమూడేళ్ళు ఇల్లు చూసుకొని, భర్త అపవాదులో చిక్కుకోగా మళ్ళీ నల్లకోటు తొడుగుతుంది. మన దేశంలో ఆ కథను కాజోల్‌గారితో 2023లో ‘ది ట్రయల్’ పేరుతో తీశారు. కథానాయిక కోర్టులో అదరగొడుతుంది. ఆమె కంట నీరు చూపిస్తారు, పంతం చూపిస్తారు. ఆమె కోర్టులో వున్న పూట ఇల్లు ఎవరి చేతిమీద నడిచిందో మాత్రం అంతగా చూపించరు. చూసేవాళ్ళకు ఏమనిపిస్తుంది? “ఆడదానికి నేర్పు వుంటే అన్నీ సర్దుకుంటుంది” అనిపిస్తుంది. ఈ మాట పొగడ్తలాగా వినపడుతుంది. నిజానికి అది భారమంతా ఒక్కరి నెత్తిన పెట్టే మాట. సర్దుకోలేకపోయిన పిల్ల తనకు నేర్పు లేదని తలవంచుకుంటుంది.

మన దేశంలో స్త్రీ కోర్టు గుమ్మం ఎక్కటమే ఒక కథ. కొర్నీలియా సొరాబ్జీగారు 1892లోనే ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్రపు పరీక్షలో నెగ్గారు. అయినా దాదాపు 30 ఏళ్ళు ఆమెకు వకీలు హోదా దక్కలేదు. 1916లో కలకత్తాలో రెజీనా గుహగారు, 1921లో పాట్నాలో సుధాంశుబాల హజ్రాగారు తమను వకీళ్ళుగా చేర్చుకోమని అడిగితే, చట్టంలోని మాటలు స్త్రీలకు వర్తించవని ఆ హైకోర్టులు త్రోసిపుచ్చినవి. చివరకు 1923లో ప్రత్యేక చట్టం చేస్తే గాని దేశమంతటా ఆ తలుపు తెరుచుకోలేదు.

మన తెలుగింటి ఆడపడుచు దుర్గాబాయమ్మగారి సంగతి చూడండి. 1909లో రాజమండ్రిలో పుట్టారు. బాల్యంలో జరిగిన పెళ్ళిని కాదని, జైళ్ళకు వెళ్ళి, చదువుకొని 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టం పొందారు. రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌గారిని తమ ఇష్టప్రకారం వివాహమాడారు. అదే సంవత్సరం చైనా వెళ్ళి అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసివచ్చి, మనకూ అటువంటివి కావాలని నెహ్రూగారికి చెప్పారు. ఆ చట్టం వచ్చినది 1984లో. దాన్ని చూడటానికి ఆమె లేరు. 1981లోనే కాలం చేశారు. ఈనాడు కుటుంబ న్యాయస్థానం మెట్లెక్కే ప్రతి తల్లికీ ఆమె రుణం వున్నది.

మన రాష్ట్రంలోని కొడగునుంచి వెళ్ళిన సి.బి. ముత్తమ్మగారు 1949లో విదేశాంగ సర్వీసులో చేరారు. ఆ సర్వీసులో చేరిన మొదటి మహిళ ఆమె. పెళ్ళి చేసుకోవాలంటే స్త్రీ అధికారి ప్రభుత్వపు అనుమతి పొందాలనీ, అవసరమైతే ఆమెను రాజీనామా చేయమనవచ్చుననీ అప్పటి నిబంధన. మగ అధికారికి అటువంటిదేమీ లేదు. 1979లో ఆమె సుప్రీంకోర్టుకు వెళితే, జస్టిస్ కృష్ణయ్యర్‌గారు ఆ నిబంధనల్లోని పక్షపాతాన్ని గట్టిగా ఖండించారు. విమానాల్లో పనిచేసే యువతి మొదటిసారి గర్భవతి కాగానే ఉద్యోగం పోవాలన్న నియమాన్ని 1981లో నర్గీస్ మీర్జా కేసులో అదే కోర్టు కొట్టివేసింది. టెలివిజనులో ప్రేమా, ఉద్యోగమూ మనసులో జరిగే పోట్లాటగా చూపిస్తారు. అది ఒకప్పుడు సర్వీసు రూల్సు పుస్తకంలో అచ్చయివున్న పోట్లాట. దాన్ని తీర్చినది కథానాయిక నేర్పు కాదు, తీర్పు.

ఇక మన గనుల సంగతికి వద్దాము. చంటిబిడ్డ తల్లికి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలన్న ఆలోచన ఆఫీసులకంటె చాలాముందు మిల్లుల్లో, గనుల్లో పుట్టినది. 1929లో బొంబాయి రాష్ట్రం ప్రసూతి చట్టం చేసింది. ముందటి సంవత్సరం శాసనమండలిలో దాన్ని సమర్థిస్తూ మాట్లాడినవారిలో డాక్టర్ అంబేద్కరు వున్నారు. 1941లో బ్రిటిషు ఇండియాలో గనులకు ప్రత్యేకంగా ప్రసూతి చట్టం వచ్చింది. 1943లో దానికి సవరణ తెచ్చినప్పుడు వైస్రాయి కార్యవర్గంలో కార్మిక సభ్యుడు ఆయనే. 1954లో ఆయన మన ఊరికి వచ్చారని చెప్పుకునేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పుకోవాలి. తరువాత 1961లో దేశమంతటికీ ఒకే చట్టం చేశారు. గనుల్లో అది 1963 నవంబరు 1న అమలులోకి వచ్చింది. పన్నెండు వారాల సెలవు, జీతం, పనివేళలో బిడ్డకు పాలివ్వటానికి రెండుసార్లు విరామం అందులో వున్నవి. ఇక గనుల దగ్గర శిశుగృహాలకు కొత్త నియమాలు వచ్చినది 1966లో. గతసారి పరాభవ వచ్చిన యేడే అది!

2017లో సవరణ చేసి మొదటి ఇద్దరు బిడ్డలకు సెలవును 26 వారాలు చేశారు. యాభైమంది పనిచేసే చోట శిశుగృహం వుండాలన్నారు. ఇప్పుడు ఆ చట్టం సామాజిక భద్రతా స్మృతిలో కలిసింది. 2025 నవంబరు 21నుంచి ఆ స్మృతి అమలులోకి వచ్చింది. ఇదంతా సంతోషమే. కాని దుకాణాలకు వచ్చేసరికి పదిమందికి తక్కువగా పనిచేసే చోటికి ఆ రక్షణ లేదు. తెల్లవారకముందే మారికుప్పంలోనో, ఊరిగాంలోనో, కోరమండలంలోనో రైలెక్కి బెంగుళూరు వెళ్ళే మన ఆడపిల్లల్లో ఎంతమంది అటువంటి చిన్న దుకాణాల్లో నిలబడుతున్నారో మీకు తెలుసు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డ తరువాత మన ఊరికి షాఫ్టు ఏదంటే ఆ రైలే. సుమారు వంద కిలోమీటర్లు ఆడవాళ్ళూ మగవాళ్ళూ దిగి, రాత్రికి పైకి వస్తున్నారు.

ఇంకొక విచిత్రం వినండి. లాయరు ఎవరి దగ్గరా జీతగాడు కాడు. కాబట్టి ప్రసూతి సెలవు చట్టం లాయరమ్మకు వర్తించదు. దినకూలి స్త్రీలకు కూడా ప్రసూతి సెలవు ఇవ్వవలసిందేనని 2000లో సుప్రీంకోర్టు ఢిల్లీ నగరపాలక సంస్థ కేసులో చెప్పింది. ఆ తీర్పును చేతపట్టుకొని వాదించే లాయరమ్మ తాను ప్రసవించినప్పుడు ఆ తీర్పు చూపి ఒక్కరోజు సెలవైనా అడగలేదు. వాయిదాకు వెళ్ళకపోతే కక్షిదారు మరొకరిని చూసుకుంటాడు. టెలివిజను కథల్లో ఈ ముక్క మాకు ఎక్కడా కనబడలేదు.

ఈ ముక్క మాకు పుస్తకంలో తెలియలేదు, ఇంట్లో తెలిసింది. మా కోడలు లాయరు. బెంగుళూరులో ఒక సీనియరుగారి దగ్గర చేరి మూడేళ్ళు ఈ రైల్లోనే తిరిగింది. మంచి పేరు తెచ్చుకుంటున్నది. బిడ్డ పుట్టి అయిదు నెలలు కాగానే, “సోమవారంనుంచి వెళతాను మామయ్యా” అన్నది. మేము యేమన్నామో చెప్పటానికి సిగ్గుగా వున్నది. “తొందరేమున్నదమ్మా, రెండేళ్ళు ఆగరాదా, నీ చదువు ఎక్కడికి పోతుంది?” అన్నాము. ప్రేమతోనే అన్నాము. ఇంట్లో మేమిద్దరమూ వున్నాము, ఇద్దరికీ ఓపిక వున్నది, వేరే పని లేదు. బిడ్డను మేము చూస్తామనే మాట మాత్రం మా నోట రాలేదు.

ఆ పిల్ల ఎదురు చెప్పలేదు. “నేనాగితే రైలు ఆగదు కదా మామయ్యా” అని మాత్రం అని, లోపలికి వెళ్ళింది. అది హాస్యమనుకొని నవ్వాము. రెండేళ్ళు నాలుగేళ్ళైనవి. ఆమె చూసిన ఫైళ్ళు ఇతరులకు పోయినవి, తెలిసిన కక్షిదార్లు మరిచిపోయినారు. నల్లకోటు బీరువాలో వుండిపోయింది. ఒకనాటి సాయంత్రం ఏదో కోర్టు కథలో లాయరమ్మ వాదిస్తుంటే మేము భేష్ అన్నాము. పక్కన కూర్చున్న కోడలు లేచి వంటింట్లోకి పోయింది. మా ఇంటావిడ మా వైపు చూసింది. ఆ రాత్రి మాకిద్దరికీ నిద్ర రాలేదు. యాభై ఏళ్ళు ఇతరుల ఇళ్ళ తగాదాలు వాదించి, మన ఇంటి తీర్పు ఇట్లా చెప్పామా అనిపించింది.

గనిలో పనిచేసిన పెద్దలు ఈ సభలో ఇంకా కొందరున్నారు. వారికి కేజి సంగతి మేము చెప్పనక్కర లేదు, పిల్లలకోసం చెబుతాము. మన గనులు మూడు వేల మీటర్లకు పైగా లోతుకు పోయినవి. మనుషులను దించే కేజీలు రెండు. ఒకటి దిగుతుంటే రెండవది ఎక్కుతుంది. ఒకదాని బరువు మరొకదానికి తూనిక. ఇంజనుగదిలో డ్రైవరు వుండాలి, పైన బ్యాంక్స్‌మన్ వుండాలి, అడుగున గంట కొట్టేవాడు వుండాలి. వాళ్ళు ముగ్గురూ కుదిరితేనే తూనిక కుదురుతుంది. కేజిలో నిలబడినవాణ్ణి, “నీ తూనిక నువ్వే చూసుకో, నేర్పుంటే పడిపోవు” అని ఎవరైనా అన్నారా? అంటే ఆ గని ఒక్కరోజు నడిచేదా?

ఆడపిల్లకు మాత్రం మనం ఆ మాటే అంటున్నాము. ఉద్యోగం ఒక పక్క, బిడ్డ ఒక పక్క పెట్టి, తక్కెడ కూడా ఆమె చేతికే ఇచ్చి, చెయ్యి వణికితే తప్పంటున్నాము. తక్కెడ పట్టుకోవలసినది చట్టం, పని ఇచ్చేవాడు, మొగుడు, అత్తమామలు, ఇరుగుపొరుగు. చట్టం కొంత పట్టింది, ఇంకా పట్టవలసివున్నది. ఆ చట్టాన్ని మనం ఈ పూట మార్చలేము. తక్కినవి మన చేతిలోవి.

మా ఇంట్లో మేము చేసినది చెబుతాము. అది గొప్ప కాదు, ఆలస్యంగా చెల్లించిన బాకీ. గత దసరానుంచి మా కోడలు కోలారు కోర్టుకు వెళుతున్నది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. తనకంటె వెనక చేరినవాళ్ళు ఇప్పుడు ముందు కుర్చీల్లో వున్నారు. మనవడిని బడికి దించటం మా పని, తీసుకురావటం మా ఇంటావిడ పని, రాత్రి రాగిముద్ద కెలకటం మా అబ్బాయి పని. మొదట్లో వాడి ముద్ద వుండలు కట్టింది, ఇప్పుడు కుదిరింది. పోయిన నాలుగేళ్ళను మాత్రం మేము ఆమెకు తిరిగి ఇవ్వలేము. అందుకే మీ ముందు నిలబడి చెబుతున్నాము. ఇంట్లో ముసలివాళ్ళున్న ప్రతివారూ ఆ మాట అడిగించుకోకముందే చెప్పండి: “నువ్వు వెళ్ళిరామ్మా, బిడ్డను మేము చూస్తాము.”

ఇంట్లో పెద్దలు లేనివాళ్ళ సంగతేమిటి? దానికి సంఘానికి ఒక మనవి. ఈ భవనంలో వెనక గది ఒకటి వున్నది. ఉగాదికి, కార్తీక వనభోజనాల సామానుకు తప్ప దాని తాళం తీయము. ఆ గదిని చంటిబిడ్డల గదిగా మార్చుదాము. పదిమంది పిల్లలతో మొదలుపెడదాము. తెలుగువాళ్ళ పిల్లలే కానక్కరలేదు. రైలెక్కే తల్లి ఏ భాషలో జోలపాడినా బిడ్డ బిడ్డే. అనుభవం గల ఆయాను జీతమిచ్చి పెట్టుకుందాము. రోజుకు ఇద్దరు పెద్దలు వంతులు వేసుకొని కూర్చుందాము. పాలు పెట్టుకోవటానికి ఒక ఫ్రిజ్జు, నాలుగు ఊయలలు కావాలి. ముఖ్యంగా మొదటి రైలుకు ముందే ఆ తలుపు తెరవాలి. తొమ్మిదింటికి తెరిచే శిశుగృహం ఆఫీసు మేనేజరు ఇంటికి పనికివస్తుందేమో గాని, మన ఊరికి పనికిరాదు. మొదటి నెల ఆయా జీతం, మొదటి వారం వంతు మావి. తక్కినవి మీరు పంచుకోండి.

టెలివిజను కథలు చూడవద్దని మేము అనము. మేమూ చూస్తాము. లాయరమ్మ గెలిచినప్పుడు చప్పట్లు కొట్టండి. చప్పట్లు కొట్టిన తరువాత, ఆ పూట ఆమె బిడ్డ ఎవరి ఒళ్ళో వున్నదని ఒక్కసారి అడగండి. ఆ ప్రశ్నకు మన ఊళ్ళో జవాబు దొరికితే చాలు.

మొదట పరాభవం మాట చివర చెబుతామన్నాము. ఈ సంవత్సరం పరాభవం ఎవరికైనా జరగవలసివుంటే, ఆ వెనక గది తాళంకప్పకు జరుగుగాక. తాళంచెవి కార్యదర్శిగారి జేబులో వున్నది. భోజనాలయిన తరువాత వారిని ఒకసారి అడగండి.